గడువున్న తిండి, గడువు లేని కసరత్తు

ఒంటి గురించి మన ఇళ్ళల్లో రెండు మొండి నమ్మకాలు పాతుకుపోయాయి. చిన్న వయసులో ఏం తిన్నా, తినకపోయినా పరవాలేదన్నది ఒకటి. అరవై దాటాక ఇంకేం కసరత్తులన్నది రెండోది. రెండూ తలకిందులే. తిండికి గడువులున్నాయి. వాటిలో అసలైనవి మనకు ఊహ తెలియక ముందే, కొన్నయితే మనం పుట్టక ముందే దాటిపోతాయి. కండకు మాత్రం అలాంటి గడువేదీ కనబడలేదు. తొంభై ఏళ్ళవాళ్ళ మీద పరీక్షించి మరీ చూశారు. అమ్మ కడుపు నుంచి నూరేళ్ళు దాటేదాకా ఈ సంగతిని చెప్పే విశేషాలు ఇవి.

మొదటి గడువు 28 రోజులు

బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోవాలి. అది సరిగా మూసుకోకపోతే బిడ్డ వెన్ను చీలికతోనో, మెదడు పూర్తిగా ఏర్పడకుండానో పుడుతుంది. ఆ 28 రోజులు గడిచేనాటికి చాలామంది తల్లులకు నెల తప్పిందన్న అనుమానం కూడా గట్టిపడి ఉండదు. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్రలను డాక్టరమ్మ దగ్గరికి మొదటిసారి వెళ్ళాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. బిడ్డ కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి, రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి. అంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డను కన్న తల్లుల మీద బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ జరిపిన పరీక్ష ఫలితాలు 1991లో వచ్చాయి. ఇంకా పెద్ద మోతాదులో ఫోలిక్ యాసిడ్ వాడినవాళ్ళలో ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది.

ఈ మాత్ర కథ సగం బొంబాయిలో నడిచింది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు అక్కడికి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులను పీడిస్తున్న ఒక రకం రక్తహీనతకు మూలం వెతికారు. చివరికి ఆ జబ్బు మార్మైట్‌కు లొంగింది. రొట్టె మీద రాసుకు తినే చవకరకం ఈస్ట్ సారం అది. అందులో మేలు చేస్తున్నదేమిటో 1931లో ఆమె వ్యాసం అచ్చయ్యేనాటికి ఎవరికీ అంతుపట్టలేదు. దాన్ని, అంటే ఫోలిక్ యాసిడ్‌ను, ప్రయోగశాలలో తయారుచేసింది 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థ బృందం. ఆ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని తీసుకుపోయింది. ఆయనకూ వచ్చింది గాని బతికి బయటపడ్డారు. ఆ స్ప్రూకు కూడా మందు ఫోలిక్ యాసిడ్డే! అది చేతికి వచ్చిన మూడేళ్ళకే, 1948లో, 53 ఏళ్ళకు ఆయన కన్నుమూశారు. గర్భిణులకు రాసే మాత్రల చీటీ చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

సన్నగా పుట్టిన లావు పిల్లలు

1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం పడమటి నెదర్లాండ్స్‌కు తిండిగింజలు అందకుండా చేసింది. మనిషికి రోజూ దొరికే రేషన్ వెయ్యి క్యాలరీల లోపుకు పడిపోయింది. గర్భం తొలినెలల్లో ఆ కరువు పాలబడిన తల్లులకు పుట్టిన పిల్లలు చూడటానికి మామూలు బరువుతోనే ఉన్నారు. కానీ వాళ్ళు నడివయసుకు వచ్చేసరికి గుండె జబ్బులు, ఊబకాయం మిగతావాళ్ళకంటే ఎక్కువగా బయటపడ్డాయి. కడుపులో కొన్ని వారాల పాటు పస్తున్న ఫలితం యాభై ఏళ్ళ తర్వాత కనబడిందన్నమాట.

మనకు దగ్గరి ఉదాహరణ పుణెలో ఉంది. కె.ఇ.ఎం. ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి చుట్టుపక్కల పల్లెల తల్లులనూ పిల్లలనూ వదలకుండా గమనిస్తోంది. అక్కడి పసివాళ్ళ సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ పిల్లలది 3.5. మనవాళ్ళకు కండ తక్కువ, పొట్టలోని అవయవాలు కూడా చిన్నవే. చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు ఆ తెల్లపిల్లలకు ఉన్నంతా ఉంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇదే సంగతిని ఒక ఫొటోలో చూపించారు. యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఎత్తుకు బరువు లెక్కగట్టే బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. "నేను సన్నగానే ఉన్నాను కదా, నాకు షుగరేంటి?" అనేవాళ్ళందరికీ ఆ ఫొటో చూపించాలి.

బిడ్డకు అరగని పాలు

తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత ఎక్కువగా ఉండేది ఒక జాతి సంక్లిష్ట చక్కెరలు. విచిత్రమేమిటంటే అవి బిడ్డకు అరగవు. పేగుల్లో చేరే మేలుచేసే బ్యాక్టీరియాకు ఆహారం అవి. బిడ్డతోపాటు బిడ్డ కడుపులోని సూక్ష్మజీవులకు కూడా తల్లి పాలిస్తోంది! పుట్టిన గంటలోపే పట్టించాల్సిన ముర్రుపాలలో ఈ చక్కెరలు మరీ చిక్కగా ఉంటాయి. ఆ పాలు పిండి పారబోసి తేనె నాకించే అలవాటు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే, ఇంట్లోని పెద్దవాళ్ళే దాన్ని మాన్పించాలి.

సర్కారు జిల్లాల తెల్లన్నం

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అక్కడ పుట్టలేదు. 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక్క గదిలో మొదలుపెట్టిన ప్రయోగశాల అది. 1958లో హైదరాబాద్‌కు తరలింది. బి1 విటమిన్ లోపించి వచ్చే ఆ బెరిబెరికి మద్రాసు రాజధానిలో స్థావరం ఎక్కడనుకున్నారు? ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలే. తమిళ జిల్లాలవాళ్ళు ఉప్పుడు బియ్యం తినేవాళ్ళు. మనవాళ్ళు మరలో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యం తినేవాళ్ళు. వడ్లను నానబెట్టి ఉడికిస్తే తవుడులోని బి1 విటమిన్ గింజలోకి ఇంకి, మరపట్టినా కొంత నిలుస్తుంది. పచ్చి వడ్లను ఆడిస్తే అదంతా తవుడుతోపాటు పశువుల కుడితిలోకి పోతుంది. రెండు మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోస్తే మిగిలిన కాస్తా అయిపోతుంది.

అన్నం తినేది తల్లి, ప్రాణం పోయేది బిడ్డది. తల్లి ఒంట్లో బి1 లేకపోతే పాలలోనూ ఉండదు. బొద్దుగా కనబడుతున్న రెండు మూడు నెలల పసివాళ్ళు గుండె దెబ్బతిని హఠాత్తుగా పోయేవాళ్ళు. తర్వాత కూనూరు సంస్థను నడిపిన ఐక్రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ ఈ శిశుమరణాల మీదే ప్రత్యేకంగా పరిశోధించారు. తెల్లగా మల్లెపువ్వులా ఉండాలని మనం కోరుకునే అన్నం వెనుక ఈ చరిత్ర ఉందని మన పాఠ్యపుస్తకాలు ఎందుకు చెప్పవో నాకు అర్థం కాదు.

ఒక ఉప్మా, పద్నాలుగు మిల్లీమీటర్లు

1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి రంగారెడ్డి జిల్లాలో 29 పల్లెలను పరిశోధకులు ఎంచుకున్నారు. అప్పటికి అంగన్‌వాడీ పథకం 15 ఊళ్ళకు చేరింది, 14 ఊళ్ళకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళలో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన రవ్వ, సోయా నూనె. తల్లికి సుమారు 500 క్యాలరీలు, పిల్లలకు 300. అంతే. అందులో మందు లేదు, ఖరీదైన దినుసూ లేదు.

ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చాక పరిశోధకులు మళ్ళీ వెళ్ళి రెండు రకాల ఊళ్ళ పిల్లలనూ కొలిచారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు. వేలెడు కూడా లేని ఆ తేడా చూసి పెదవి విరవద్దు. అసలు విశేషం లోపల ఉంది. ఒంట్లో ఇన్సులిన్‌కు ఎదురయ్యే నిరోధం వాళ్ళలో 20 శాతం తక్కువ, రక్తనాళాలు మరింత మెత్తగా ఉన్నాయి. అంటే మధుమేహానికీ గుండెపోటుకూ దారితీసే గుర్తులు వాళ్ళలో తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఈ ఫలితాలు చదివాక, అంగన్‌వాడీ టీచరు పొయ్యి మీద పెట్టే గిన్నె నాకు ఆసుపత్రిలో గుండె వార్డుకంటే పెద్దదిగా కనిపిస్తోంది.

ముప్పై దాటితే ఒళ్ళు మందగిస్తుందా?

"పెళ్ళయ్యాక ఒళ్ళు మందగించింది, ఏం తిన్నా పట్టేస్తోంది" అన్న మాట వినని ఇల్లు ఉండదు. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్ బృందం 29 దేశాల్లోని 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు ప్రచురించింది. అందులో 8 రోజుల పసికందులున్నారు, 95 ఏళ్ళ వృద్ధులున్నారు. ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే శక్తిని అందరికంటే ఎక్కువగా ఖర్చుపెట్టేది ఏడాది బిడ్డ, పెద్దవాళ్ళకంటే 50 శాతం ఎక్కువ. తర్వాత ఇరవై ఏళ్ళ దాకా మెల్లగా తగ్గుతూ వస్తుంది. ఇరవై నుంచి అరవై దాకా అసలు మారదు! గర్భంలో, బహిష్టు ఆగే వయసులో కూడా లెక్క తేడా రాలేదు. అరవై దాటాక ఏటా 0.7 శాతం చొప్పున తగ్గుతుంది. నలభైలో పొట్ట పెరగడానికి వయసు కారణం కాదు, కుర్చీ, కంచం, కండ తగ్గడం కారణం.

ఐదేళ్ళ పిల్లల సంగతి ఇంకో విచిత్రం. తిన్నదానిలో నలభై శాతం పైగా మెదడే వాడేసుకుంటుంది. పెద్దవాళ్ళలో అది 20 శాతమే. ఆ వయసులో ఎత్తు, బరువు నెమ్మదిగా పెరగడానికి ఇదే కారణమని శాస్త్రజ్ఞులు అంటారు. ముందు మెదడు, తర్వాతే కాళ్ళూ చేతులూ.

ఎండలో నలభై నిమిషాలు

చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్ళ తర్వాత చూస్తే, ఆ బడుల్లో 30.4 శాతం మందికి దూరపు చూపు మందగించింది. మామూలు బడుల్లో 39.5 శాతం మందికి. పగటి వెలుగు కంటిగుడ్డు అతిగా సాగకుండా ఆపుతుందని భావిస్తున్నారు. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు అరువు తీసుకునే బడులు ఈ అంకెలు చూడాలి.

ఎముక బ్యాంకు

చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడినవాళ్ళ రెండు చేతుల ఎక్స్‌రేలు పక్కన పెడితే, రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతికంటే స్పష్టంగా మందంగా ఉంటుంది. ఒకే మనిషి, ఒకే తిండి, ఒకే రక్తం. తేడా దెబ్బ తగలడంలోనే. ఫిన్లాండ్‌లో ఆడపిల్లల మీద జరిపిన పరిశోధనలో, రజస్వల కాకముందే ఆట మొదలుపెట్టినవాళ్ళకు ఈ లాభం సుమారు రెట్టింపుగా దక్కింది. గెంతడం, పరుగెత్తడం, తొక్కుడుబిళ్ళ ఆడటం ఎముకకు పోషణే. ఎముక నిల్వ చాలామటుకు ఇరవై ఏళ్ళలోపే జమ అవుతుంది. తర్వాతంతా అందులోంచి వాడుకోవడమే. మన ఆడవాళ్ళకు బహిష్టు ఆగడం సగటున 46, 47 ఏళ్ళకే వస్తుంది గనుక వాళ్ళు వాడుకోవడం కూడా తొందరగా మొదలవుతుంది. పెద్దమనిషి అయ్యిందని ఆడపిల్లను ఆటల నుంచి మాన్పించడం ఎంత నష్టమో ఆలోచించండి.

కాల్షియం కోసం పాలపొడి డబ్బాల వైపు చూసే ముందు రాగులను చూడండి. తెలంగాణలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు. వంద గ్రాముల్లో సుమారు 360 మిల్లీగ్రాములు, పాలలో ఉన్నదానికి దాదాపు మూడింతలు. మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే ఒంటికి మరింత పడుతుంది.

పేరు తెలియని ఇంధనం

బస్సు కదిలిపోతుంటే పరుగెత్తి పట్టుకుంటారు చూడండి, ఆ మొదటి పది సెకన్లకు శక్తినిచ్చేది ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం. ఒలింపిక్స్ వంద మీటర్ల పరుగు నడిచేదీ ప్రధానంగా దాని మీదే. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండలో దాన్ని కనిపెట్టిందీ మన సుబ్బారావే.

డ్రైవరు ప్యాంటు, కండక్టరు మెట్లు

వ్యాయామం గుండెను కాపాడుతుందని మొదట లెక్కలతో చెప్పినవి లండన్ బస్సులు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక గుండెపోట్లు ఎందుకు పెరుగుతున్నాయో తెలియక అందరూ తలలు పట్టుకున్నారు. జెర్రీ మారిస్ అనే వైద్యుడు లండన్ రవాణా సంస్థలోని వేలాది మంది రికార్డులు తిరగేశారు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే పొగలో, ఇంచుమించు ఒకే జీతానికి పనిచేస్తారు. ఒకాయన రోజంతా కూర్చుంటాడు. రెండో ఆయన డబుల్ డెక్కర్ బస్సులో టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు. కండక్టర్లలో గుండెపోట్లు తక్కువ, తొలిదెబ్బకే ప్రాణం పోయినవాళ్ళు సుమారు సగమే. 1953లో లాన్సెట్‌లో ఈ సంగతి అచ్చయింది.

ఇంతటితో ఊరుకుంటే మారిస్‌ను నేను ఇంతగా మెచ్చుకునేవాణ్ణి కాదు. లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరుతున్నారేమో అన్న అనుమానం ఆయనకే వచ్చింది. సంస్థ ఉద్యోగులకు ఇచ్చే యూనిఫారం ప్యాంట్ల నడుం కొలతలు తెప్పించి చూస్తే అది కొంత నిజమే! డ్రైవర్లు చేరినప్పటి నుంచే లావు. అయితే ఎంత నడుం కొలతకైనా కండక్టర్లకు గుండెపోటు తక్కువే. సైకిలు మీద, కాలినడకన ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లను, కూర్చుని పనిచేసే తపాలా ఉద్యోగులతో పోల్చినా అదే తేలింది. మారిస్ ముసలితనంలోనూ ఈత, నడక మానలేదు. 2009లో 99 ఏళ్ళకు కన్నుమూశారు.

మూడు వారాల మంచం, ముప్పై ఏళ్ళ ముసలితనం

1966లో అమెరికాలోని డాలస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెట్టారు. లేచేసరికి వాళ్ళ ఒళ్ళు ప్రాణవాయువును వాడుకునే సత్తా నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత అదే ఐదుగురినీ పిలిచి మళ్ళీ పరీక్షించారు. యాభై ఏళ్ళు, పొట్టలు వచ్చాయి, ఒంట్లో కొవ్వు రెట్టింపయింది. అయినా ఆ సత్తాలో తగ్గుదల, కుర్రతనంలో మూడు వారాలు పడుకున్నప్పటికంటే తక్కువే! ఆ తర్వాత ఆరు నెలలు నడక, జాగింగ్, సైకిలు మెల్లగా పెంచుకుంటూ చేయిస్తే, ముప్పై ఏళ్ళలో పోయినదంతా తిరిగొచ్చింది. ఇరవై ఏళ్ళనాడు ఎక్కడున్నారో అక్కడికి చేరారు. ఆపరేషనయ్యాక డాక్టరు లేచి నడవమంటే, "పెద్దాయన్ని ఇప్పుడే ఇబ్బంది పెట్టకండి" అని అడ్డుపడే బంధువులు దీన్ని గుర్తుంచుకోవాలి.

చిన్న చిన్న సంగతులు

భోంచేసి లేస్తూనే టీ తాగితే, కూరల్లోని ఐరన్‌లో ఒంటికి పట్టేది సగానికి పైగా తగ్గవచ్చు. గంట ఆగి తాగితే ఆ నష్టం తగ్గుతుంది. అన్నంలోకి నిమ్మకాయ పిండుకుంటే అదే ఐరన్ ఇంకా బాగా పడుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది.

రోజుకు పదివేల అడుగులన్న లెక్క ఏ వైద్యుడూ తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం అమ్మడానికి పుట్టింది. సగటున 72 ఏళ్ళ అమెరికా స్త్రీలను గమనించినప్పుడు, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాలు 2,700 అడుగులవాళ్ళకంటే 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు.

మన దేశంతో కలిపి 17 దేశాల్లో లక్షా నలభై వేల మంది చేతిపట్టును కొలిచారు. పట్టు 5 కిలోలు తగ్గినకొద్దీ మరణం ముప్పు 16 శాతం పెరిగింది. రక్తపోటు చెప్పేదానికంటే చేతిపట్టు చెప్పిన జోస్యమే నిజానికి దగ్గరగా ఉంది.

బ్రెజిల్‌లో క్లాడియో అరౌజో అనే వైద్యుడు పెట్టిన పరీక్ష మన తాతలకు చాలా తేలిక. చేతులు, మోకాళ్ళు ఆనించకుండా నేల మీద కూర్చుని లేవాలి. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. ఆనుకున్నప్పుడల్లా ఒక మార్కు పోతుంది. 51 నుంచి 80 ఏళ్ళ 2,002 మందిలో, మూడు లోపు తెచ్చుకున్నవాళ్ళకు ఎనిమిది పైన తెచ్చుకున్నవాళ్ళకంటే మరణం ముప్పు ఐదు రెట్లకు పైగా ఉంది. పీటల మీద కూర్చుని తిన్న తరం రోజుకు మూడుసార్లు ఈ పరీక్ష రాసేది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఒంటరిగా మాత్రం ప్రయత్నించకండి.

దాహం వేయని దాహం

డెబ్బై దాటినవాళ్ళను నీళ్ళు తాగమంటే "దాహం లేదు" అంటారు. అబద్ధం కాదు. ఇరవై నాలుగు గంటలు నీళ్ళు ముట్టకుండా ఉంచి చూస్తే, కుర్రాళ్ళకంటే వాళ్ళకు దాహం తక్కువ వేసింది, తర్వాత తాగిన నీళ్ళూ తక్కువే. ఒంట్లో నీరు తగ్గిందని చెప్పే గంట వయసుతోపాటు మందగిస్తుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో వడదెబ్బ ముందుగా ముసలివాళ్ళను కొట్టడానికి ఇదొక కారణం. వాళ్ళు అడిగేదాకా ఆగకుండా, పొద్దుటి నుంచీ మజ్జిగో, గంజో, నీళ్ళో గంటకోసారి చేతికివ్వాలి.

నూరు దాటాక

ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ మర్శాన్ 2012లో నూరేళ్ళు దాటాక గంటలో 24.25 కిలోమీటర్లు సైకిలు తొక్కి రికార్డు పెట్టారు. శాస్త్రజ్ఞులు చెప్పిన పద్ధతిలో సాధన చేసి, 2014లో, 102 ఏళ్ళ వయసులో, 26.927 కిలోమీటర్లు తొక్కారు. రెండేళ్ళు పెద్దయి, వేగం పెంచారు! ప్రాణవాయువును వాడుకునే సత్తా కూడా 13 శాతం పెరిగింది. మన చండీగఢ్‌కు చెందిన మాన్ కౌర్ పరుగు మొదలుపెట్టిందే 93 ఏళ్ళకు. 2017లో ఆక్లాండ్‌లో 101 ఏళ్ళ వయసులో వంద మీటర్లను 74 సెకన్లలో పూర్తిచేసి బంగారు పతకం తెచ్చుకున్నారు.

వీళ్ళు అరుదైన మనుషులే. మామూలు మనుషుల సంగతి తెలియాలంటే బోస్టన్‌లోని ఒక వృద్ధాశ్రమానికి వెళ్ళాలి. మారియా ఫియాటరోన్ అనే వైద్యురాలు అక్కడ 86 నుంచి 96 ఏళ్ళ పదిమందిని ఎంచుకున్నారు. ఒంటినిండా జబ్బులు, చాలామందికి ఒకప్పుడు పడిన దెబ్బలు, కొందరికి చేతికర్ర లేనిదే అడుగు పడదు. వాళ్ళకు తేలికపాటి కసరత్తులు ఇవ్వలేదు. కూర్చుని కాలితో బరువు ఎత్తే యంత్రం మీద, ఎత్తగలిగినంతలో 80 శాతం బరువు, వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు. తొమ్మిది మంది పూర్తిచేశారు. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్రలు వదిలేశారు. చేతులు ఆనించనిదే కుర్చీలోంచి లేవలేని ముగ్గురిలో ఒకరు లేచి నిలబడ్డారు. 1990లో ఈ ఫలితాలు వచ్చేదాకా ఆ వయసులో కండ పెరుగుతుందని నమ్మినవాళ్ళు తక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పుడు పెద్దలందరికీ వారానికి రెండు రోజులైనా కండ బలానికి కసరత్తు చెయ్యమంటోంది. 65 దాటినవాళ్ళకు తూలిపడకుండా నిలదొక్కుకునే సాధన మూడు రోజులు అదనం. పొద్దున పార్కుల్లో మనవాళ్ళు నడుస్తారు, నవ్వుతారు, చప్పట్లు కొడతారు. బరువెత్తే పెద్దవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటంతమందే. నీళ్ళ సీసాలతో మొదలుపెట్టినా, కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చున్నా పనికొస్తుంది. అయితే బోస్టన్ పరీక్షలో ఇంకొక సంగతి కూడా తేలింది. కసరత్తు ఆపేసిన నాలుగు వారాలకే ఆ వృద్ధుల బలంలో 32 శాతం పోయింది.